పాత హీత్‌కిట్ ఎస్‌బీ-200 యాంప్లిఫయర్‌ను చవక ట్యూబులకు మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, బెంటన్ హార్బర్‌లో ఉండిన హీత్‌కిట్ సంస్థ 1964లో ఎస్‌బీ-200 అనే లీనియర్ యాంప్లిఫయర్‌ను, అంటే రేడియో సిగ్నల్ శక్తిని పెంచే పెట్టెను, కిట్ రూపంలో అమ్మడం మొదలుపెట్టింది. కొన్నవాళ్లే సోల్డరింగు చేసి కట్టుకున్న ఆ పెట్టెలు ఇప్పటికీ హామ్ రేడియో (లైసెన్సు తీసుకుని సరదా కోసం నడిపే రేడియో) ఔత్సాహికుల బల్లల మీద పనిచేస్తున్నాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగు హామ్‌లకు పాత సామాను సంతల్లో ఇవి తరచుగా తారసపడతాయి. పెట్టె దొరుకుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ బాగానే ఉంటుంది, సిగ్నల్‌ను పెంచే వాక్యూమ్ ట్యూబులు మాత్రం అరిగిపోయి ఉంటాయి. అలాంటి పెట్టెను సోవియట్ కాలపు జీఐ-7బీ ట్యూబులతో తిరిగి పని చేయించాలనుకునేవారు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇవి సమాధానాలు. ఒక్క మాట ముందే చెప్పాలి. ట్యూబు చవకగా దొరికినంత మాత్రాన మార్పు చవకగా పూర్తి కాదు. హీటరు (ట్యూబును లోపల వేడి చేసే తీగ), గ్రిడ్ (ట్యూబులో కరెంటును అదుపు చేసే జల్లెడ), బయాస్ (ఆ కరెంటును సరైన మోతాదులో ఉంచే వోల్టేజి), గాలి అనే నాలుగు పనులూ సక్రమంగా చేయగలిగినవారే దీనికి పూనుకోవాలి.

అసలు ట్యూబులే మళ్లీ కొని పెట్టుకుంటే సరిపోదా?

సరిపోతుంది. చాలామందికి అదే మంచి దారి కూడా. ఎస్‌బీ-200లో ఉండేవి రెండు 572బీ ట్యూబులు. చైనాలో తయారైన 572బీలు మార్కెట్లో ఉన్నాయి. మంచి జత అందుబాటు ధరకు దొరికితే పెట్టెకు ఒక్క రంధ్రం కూడా చేయకుండా పని ముగుస్తుంది. అయితే వాటి నాణ్యత అన్ని సందర్భాల్లోనూ ఒకేలా ఉండదు. జత కుదరని ట్యూబులు వస్తే ఒకటి ఎర్రగా కాలుతుంటే మరొకటి చల్లగా ఉంటుంది. జీఐ-7బీ మాత్రం సైనిక అవసరాలకు తయారై గిడ్డంగుల్లో మిగిలిపోయిన ట్యూబు. ఒక 572బీ జత ఖరీదుకు నాలుగైదు జీఐ-7బీలు చేతికి వచ్చిన రోజులు చాలాకాలం నడిచాయి. 2022 తర్వాత రష్యా, ఉక్రెయిన్‌ల నుంచి పార్శిళ్లు రావడం కష్టమైంది కాబట్టి, ట్యూబులు చేతికి వచ్చాకే పెట్టెను విప్పడం మంచిది.

811ఏ ట్యూబులు అదే సాకెట్‌లో కూర్చుంటాయి కదా, అవి పెట్టకూడదా?

పెట్టకూడదు. 811ఏ, 572బీ రెండింటికీ ఒకే నాలుగు పిన్నుల బేస్ ఉంటుంది, రెండింటి ఫిలమెంటూ (వేడెక్కి ఎలక్ట్రాన్లను వదిలే తీగ) 6.3 వోల్టుల దగ్గర 4 ఆంపియర్లు తీసుకుంటుంది, ప్లేటు (యానోడ్ అన్నా ఇదే, ట్యూబులో పాజిటివ్ కొస) క్యాప్ కూడా పైనే ఉంటుంది. అందుకే ఈ ఆశ పుడుతుంది. కానీ 811ఏ ప్లేటు తట్టుకోగల వేడి 65 వాట్లు మాత్రమే, 572బీ ప్లేటు 160 వాట్లు తట్టుకుంటుంది. పైగా 811ఏకి తయారీదారులు నిర్దేశించిన గరిష్ఠ ప్లేటు వోల్టేజి 1500 వోల్టులు. లోడు లేనప్పుడు ఎస్‌బీ-200లో ఉండే వోల్టేజి సుమారు 2400. కాలిన్స్ సంస్థ 30ఎల్-1లో 811ఏలను వాడిందంటే, నాలుగింటిని పెట్టి, వోల్టేజిని తక్కువగా ఉంచి వాడింది. రెండింటిని తెచ్చి 2400 వోల్టుల కింద కూర్చోబెడితే అవి ఎంతోకాలం నిలవవు.

జీఐ-7బీ ఎలాంటి ట్యూబు?

ఇది లోహం, సిరామిక్‌లతో చేసిన ట్రయోడ్, అంటే మూడు ఎలక్ట్రోడ్ల ట్యూబు. 572బీలా గాజు బుడ్డి కాదు, యానోడ్ బయటే ఉండి దానికి రెక్కల రేడియేటర్ బిగించి ఉంటుంది. సోవియట్ పేర్ల పద్ధతిలో మొదటి అక్షరం జనరేటర్ ట్యూబును, రెండవది పల్సుల పనిని, చివరి బీ గాలితో చల్లబరచడాన్ని సూచిస్తాయి. పల్సుల కోసం చేసినది కాబట్టి క్షణకాలం 9 కిలోవోల్టుల వరకు తట్టుకుంటుంది. నిరంతరంగా ఉండే డీసీ విషయంలో పరిమితి 2.5 కిలోవోల్టులే. గాలి సరిగ్గా అందితే యానోడ్ 350 వాట్ల వేడిని వదిలించుకోగలదు. హీటరుకు 12.6 వోల్టులు, సుమారు 1.9 ఆంపియర్లు కావాలి. కాథోడ్ (ఎలక్ట్రాన్లను వదిలే భాగం) ఆక్సైడ్ పూత ఉన్నది, పరోక్షంగా వేడెక్కేది. హీటరు ఒక కొస లోపలే కాథోడ్‌కు కలిసి ఉంటుంది. ఈ చివరి విషయాన్ని గుర్తుంచుకోండి, హీటరు గురించిన ప్రశ్నలో దీని అవసరం వస్తుంది.

మార్చాక పవర్ పెరుగుతుందా?

పెరగదు, పెరుగుతుందని ఆశించకూడదు. రెండు 572బీలు కలిసి 320 వాట్ల వేడి తట్టుకుంటే రెండు జీఐ-7బీలు 700 వాట్లు తట్టుకుంటాయన్నది నిజమే. కానీ అవుట్‌పుట్‌కు హద్దు గీసేది ట్యూబు కాదు, పాత పవర్ ట్రాన్స్‌ఫార్మర్. అది లోడు మీద సుమారు 2000 వోల్టుల దగ్గర అర ఆంపియరు, అంటే కిలోవాట్ ఇన్‌పుట్, అదీ మాటల మధ్య విరామాలుండే ఎస్‌ఎస్‌బీ (హామ్‌లు మాట్లాడే పద్ధతి), మోర్స్ పద్ధతులకు సరిపోయేలా చుట్టినది. ఈ మార్పుతో దక్కేది దృఢత్వం. ట్యూనింగు కాస్త ఆలస్యమైనా 572బీ ప్లేటు ఎర్రబడేది, జీఐ-7బీ ఆ వేడిని సులువుగా భరిస్తుంది. ఆ భరోసాతో ట్రాన్స్‌ఫార్మర్‌ను మరింత పిండాలనుకుంటే మొదట కాలిపోయేది అదే, దానికి బదులు దొరకడం ట్యూబు దొరకడం కన్నా చాలా కష్టం.

పని మొదలుపెట్టే ముందు పెట్టెలో ఏమేం చూడాలి?

ముందు ట్రాన్స్‌ఫార్మర్, తర్వాత ఫిల్టర్ కెపాసిటర్లు. ట్యూబులు తీసేసి, హై వోల్టేజి రెక్టిఫయర్ తీగలు విడదీసి, మెయిన్స్‌కు వరుసలో ఒక బల్బు పెట్టి ట్రాన్స్‌ఫార్మర్‌ను ఒక గంట వదిలేయండి. బల్బు మసకగానే ఉండి, ట్రాన్స్‌ఫార్మర్ గోరువెచ్చగా మాత్రమే ఉంటే అది బాగున్నట్టే. మాడు వాసన వస్తే అక్కడితో ఆగిపోండి, ఈ మార్పు మీద ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టవద్దు.

కెపాసిటర్లు ఆరు, ఒక్కొక్కటి 125 మైక్రోఫారడ్‌లు, 450 వోల్టులు, అన్నీ వరుసలో కట్టి ఉంటాయి. ఇన్ని దశాబ్దాల వయసున్న ఎలక్ట్రోలిటిక్‌లను నమ్మకూడదు, పరీక్షలో బాగున్నట్టు కనిపించినా మొత్తం ఆరింటినీ మార్చండి. వాటికి సమాంతరంగా ఉన్న బ్లీడర్ రెసిస్టర్లు (స్విచ్ ఆపాక చార్జిని దించేవి) ఎప్పుడూ వేడిగా ఉండి పక్కనున్న కెపాసిటర్లను ఎండబెడతాయి. వాటిని కూడా అప్పుడే తీసేసి, ఒక్కో కెపాసిటర్‌కు 100 కిలోఓమ్‌ల, 3 వాట్ల మెటల్ ఆక్సైడ్ రెసిస్టర్ పెడితే వేడి చాలా తగ్గుతుంది.

హై వోల్టేజి విషయంలో ఎంత జాగ్రత్త అవసరం?

ప్రాణానికి సంబంధించినంత. ఆరు కెపాసిటర్లు వరుసలో ఉంటే మొత్తం విలువ సుమారు 21 మైక్రోఫారడ్‌లు. 2400 వోల్టుల దగ్గర అందులో నిలవ ఉండే శక్తి 60 జౌళ్లు. గుండెను ఆపడానికి అది చాలు. పైన చెప్పిన 100 కిలోఓమ్‌ల బ్లీడర్లతో, స్విచ్ ఆపాక ఆ వోల్టేజి దాదాపు పూర్తిగా దిగడానికి ఒక నిమిషానికి పైగా పడుతుంది. బ్లీడర్లలో ఒకటి తెగిపోయి ఉంటే, దాని కెపాసిటర్‌లో చార్జి ఎంతసేపైనా ఉండిపోవచ్చు.

అందువల్ల క్రమం ఇలా ఉండాలి. ప్లగ్ పీకండి, స్విచ్ ఆపితే చాలదు. మీటరు ముల్లు సున్నాకు వచ్చేదాకా చూడండి. ఆ తర్వాత ఒక నిమిషం ఆగండి. పొడవైన ఇన్సులేటెడ్ కర్ర చివర కొక్కెం, దానికి వరుసలో ఒక పవర్ రెసిస్టర్, మరో కొస ఛాసిస్‌కు (పెట్టె లోహపు చట్రానికి) బిగించిన తీగ ఉన్న డిశ్చార్జి కర్రను తయారు చేసుకుని, దానితో హై వోల్టేజి లైనును తాకించండి. తాకించాక అలాగే తగిలించి ఉంచి పని చేసుకోండి. మామూలు మల్టీమీటరుతో ఈ వోల్టేజిని కొలవకూడదు, వాటి పరిమితి సాధారణంగా 1000 వోల్టులు. హై వోల్టేజి ప్రోబ్ వాడాలి. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు మూత తీసి పవర్ ఇవ్వవద్దు. ఈ పేజీలో మిగతాదంతా మీ వీలును బట్టి చేసుకోవచ్చు, ఈ రెండు పేరాల్లో చెప్పినవి మాత్రం తప్పక పాటించవలసినవి.

హీటరుకు పాత 6.3 వోల్టుల వైండింగు పనికిరాదా?

సూటిగా పనికిరాదు. ఇక్కడ ఒక విశేషం ఉంది. 572బీ జత 6.3 వోల్టుల దగ్గర 8 ఆంపియర్లు, అంటే సుమారు 50 వాట్లు తీసుకుంటుంది. జీఐ-7బీ జతను సమాంతరంగా కడితే 12.6 వోల్టుల దగ్గర సుమారు 3.8 ఆంపియర్లు, అంటే దాదాపు అంతే పవర్. పవర్ సరిపోతుంది, వోల్టేజి సరిపోదు. పాత వైండింగుకు వరుసలో మరో 6.3 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను, దిశ సరిచూసి కలిపి 12.6 తెచ్చుకునేవారు ఉన్నారు. నా సలహా మాత్రం 12.6 వోల్టులు, 5 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్‌ను విడిగా పెట్టమనే. దానివల్ల పాత ట్రాన్స్‌ఫార్మర్ మీద 50 వాట్ల భారం తగ్గి అది చల్లగా నడుస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, హీటర్లను ముందు వేసి హై వోల్టేజిని తర్వాత ఇచ్చే వీలు కలుగుతుంది. 572బీ ఫిలమెంటు క్షణాల్లో సిద్ధమవుతుంది. జీఐ-7బీ ఆక్సైడ్ కాథోడ్‌కు కనీసం 2 నుంచి 3 నిమిషాలు కావాలి. ఆలోగా కీ నొక్కితే కాథోడ్ పూత దెబ్బతింటుంది కాబట్టి, రిలేను (ప్రసారం మొదలైనప్పుడు యాంప్లిఫయర్‌ను కలిపే స్విచ్‌ను) అప్పటిదాకా పని చేయనివ్వని టైమర్ ఒకటి పెట్టడం మంచిది.

హీటరు ఒక కొస కాథోడ్‌కు కలిసి ఉందని పైన చెప్పుకున్నాం. అంటే డ్రైవ్ సిగ్నల్ (రేడియో నుంచి వచ్చే, పెంచవలసిన సిగ్నల్) హీటరు తీగల మీద కూడా ఉంటుంది, కాబట్టి దాన్ని ట్రాన్స్‌ఫార్మర్ వైపు పోనివ్వని పాత ఫిలమెంటు చోక్ కాయిల్ అలాగే ఉండాలి. కరెంటు సగానికి తగ్గింది కనుక చోక్‌కు పని తేలికవుతుంది. వోల్టేజిని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కాకుండా ట్యూబు కొసల దగ్గరే కొలవండి, 12 నుంచి 13.2 వోల్టుల మధ్య ఉండాలి.

గ్రిడ్‌ను ఎలా బిగించాలి?

ఈ మార్పులో చేతి నైపుణ్యం అవసరమయ్యేది ఇక్కడే. జీఐ-7బీకి పిన్నులు, సాకెట్టు ఉండవు. యానోడ్ సిరామిక్‌కూ కాథోడ్ సిరామిక్‌కూ మధ్య గుండ్రటి గ్రిడ్ అంచు ఉంటుంది. ఒక ఇత్తడి లేదా అల్యూమినియం పలకలో, ట్యూబును కొలిచి దానికి సరిపడే రంధ్రం చేసి, గ్రిడ్ అంచు ఆ రంధ్రం చుట్టూ పూర్తిగా ఆనేలా కూర్చోబెట్టి, పైనుంచి మరో రింగు పెట్టి నాలుగైదు స్క్రూలతో సమానంగా బిగించాలి. స్క్రూలను ఒకటి విడిచి ఒకటి, ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించుకుంటూ రండి. ఒకవైపే గట్టిగా తిప్పితే సిరామిక్ పగులుతుంది. పలక అంచును సన్నని ఆకురాయి కాగితంతో తుడిచి, గీతలు, పెయింటు లేకుండా చేయాలి. యానోడ్ పైన, కాథోడ్ కింద ఉంటాయి. కాథోడ్, హీటరు కొసలకు చీల్చిన ఇత్తడి రింగులను నొక్కి పట్టించాలి. ట్యూబు మీద ఎక్కడా సోల్డరింగు చేయకూడదు, సిరామిక్‌ను గీకకూడదు.

ఇంత శ్రమ ఎందుకంటే, ఈ ట్యూబు గిగాహెర్ట్జ్ స్థాయిలో కూడా పని చేయగలదు. గ్రిడ్‌ను ఒక తీగ ముక్కతో ఎర్త్ చేస్తే ఆ తీగే కాయిల్‌గా మారి ట్యూబు చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీలో (వీహెచ్‌ఎఫ్) తనంతట తాను ఆసిలేట్ అవుతుంది. చుట్టూ 360 డిగ్రీలు ఆనితేనే గ్రిడ్ నిజంగా నేలకు కలిసినట్టు.

బయాస్ సర్క్యూట్ కూడా మారుతుందా?

మారుతుంది. అసలు ఎస్‌బీ-200లో గ్రిడ్లు కెపాసిటర్ల ద్వారా రేడియో సిగ్నల్‌కు మాత్రమే ఎర్త్ అవుతాయి. డీసీ పరంగా వాటి మీద, మాట్లాడనప్పుడు ట్యూబులను మూసి ఉంచడానికి, సుమారు మైనస్ 120 వోల్టులు ఉంటాయి. మార్చాక గ్రిడ్ సూటిగా ఛాసిస్‌కు కలుస్తుంది కాబట్టి ఆ పద్ధతి పనికిరాదు, బయాస్‌ను కాథోడ్ వైపుకు తేవాలి. ట్యూబుల మొత్తం కరెంటు ఒక జీనర్ (వోల్టేజిని స్థిరంగా ఉంచే డయోడ్) గుండా వెళ్తూ కాథోడ్‌ను సుమారు 20 వోల్టుల పైన ఉంచేలా కట్టాలి. రెండు ట్యూబులకు కలిపి నిశ్చల కరెంటు (డ్రైవ్ లేనప్పుడు పారేది) 80 నుంచి 100 మిల్లీఆంపియర్లు వచ్చేలా జీనర్ విలువను ఎంచుకోండి. ట్యూబును బట్టి రెండు మూడు వోల్టుల తేడా రావడం సహజం. అర ఆంపియరు కరెంటు, 20 వోల్టులు అంటే 10 వాట్ల వేడి. అందుకని ఒక చిన్న జీనర్‌తో పవర్ ట్రాన్సిస్టర్‌ను నడిపి, ఆ ట్రాన్సిస్టర్‌ను హీట్‌సింక్‌కు బిగించే సర్క్యూట్ మేలు. మాట్లాడనప్పుడు కాథోడ్ తోవలో 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ పడేలా, మాట్లాడేటప్పుడు రిలే దాన్ని షార్ట్ చేసేలా పెడితే ట్యూబులు వాటంతట అవే మూసుకుంటాయి.

మీటరు వైరింగు కూడా దీనితోపాటు మారుతుంది. హై వోల్టేజి నెగటివ్‌ను ఛాసిస్‌కు సూటిగా కలపకుండా, షంట్ రెసిస్టర్ల ద్వారా కలిపి, గ్రిడ్ కరెంటును, ప్లేటు కరెంటును వేర్వేరుగా కొలవాలి. నెగటివ్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఎదురెదురుగా రెండు పవర్ డయోడ్లు పెట్టండి. షంట్ తెగిపోయినా నెగటివ్ లైను ప్రమాదకర వోల్టేజికి ఎగబాకకుండా అవి అడ్డుకుంటాయి.

కొత్త ట్రాన్స్‌సీవర్‌ను (పంపడం, వినడం రెండూ చేసే రేడియోను) దీనికి కలిపితే ఏమైనా అవుతుందా?

మార్చని పెట్టెకు కలిపితే అయ్యే అవకాశం ఉంది. పాత రిలే జాక్ దగ్గర సుమారు 120 వోల్టులు ఉంటాయి, నేటి ట్రాన్స్‌సీవర్లలోని చిన్న స్విచింగు ట్రాన్సిస్టర్ వాటిని తట్టుకోదు. మార్చేటప్పుడు ఎలాగూ బయాస్ సప్లైని తిరగరాస్తున్నారు కాబట్టి 12 లేదా 24 వోల్టుల రిలే పెట్టుకోండి.

పాత ఫ్యాన్ సరిపోతుందా?

సరిపోదు. ఎస్‌బీ-200 ఫ్యాన్ గాజు ట్యూబుల చుట్టూ గాలిని కదిలించడానికి ఉద్దేశించినది. జీఐ-7బీకి గాలి రేడియేటర్ రెక్కల మధ్య నుంచి బలవంతంగా వెళ్లాలి, అందుకు ఒత్తిడి పుట్టించే బ్లోయర్ కావాలి. రేడియేటర్ రకాన్ని బట్టి రెక్కల దిశ వేరుగా ఉంటుంది కాబట్టి, ట్యూబును చేతిలో పెట్టుకుని చూశాకే గాలి కింది నుంచి పైకా, పక్క నుంచా అనేది నిర్ణయించండి. గాలి రెక్కల పక్కనుంచి తప్పించుకోకుండా చుట్టూ వేడి తట్టుకునే షీటుతో గొట్టం కట్టాలి. కొంత గాలి కింది కాథోడ్ భాగానికి కూడా వెళ్లాలి, అక్కడా 50 వాట్ల హీటరు వేడి ఉంది. హీటరు వేయగానే బ్లోయర్ తిరగాలి. ఆపాక కూడా నాలుగైదు నిమిషాలు తిరుగుతూ ఉండాలి.

ట్యాంకు సర్క్యూట్, ఇన్‌పుట్ కాయిళ్లు మార్చాలా?

ట్యాంకు (అవుట్‌పుట్‌ను యాంటెన్నాకు సరిపరిచే కాయిల్, కెపాసిటర్లు) మార్చనక్కర్లేదు. ట్యూబు మీద పడే లోడు విలువ వోల్టేజి, కరెంటుల మీద ఆధారపడుతుంది. ఆ రెండూ మునుపటిలాగే ఉన్నాయి కాబట్టి లోడు దాదాపు 2500 ఓమ్‌ల దగ్గరే ఉంటుంది, పాత పై (π ఆకారపు) సర్క్యూట్ అందుకు సరిపోతుంది. ఇన్‌పుట్ కాయిళ్లను మాత్రం ఒక్కో బ్యాండ్‌లో తిరిగి ట్యూన్ చేయాలి, ఎందుకంటే ఇన్‌పుట్ ఇంపిడెన్స్ మారుతుంది. ఒక్కో యానోడ్ తీగలో పారసిటిక్ సప్రెసర్‌ను (అనవసర ఆసిలేషన్‌ను అణిచే చిన్న భాగాన్ని) విడివిడిగా పెట్టండి. హై వోల్టేజి లైనులో 10 నుంచి 25 ఓమ్‌ల తీగచుట్ట రెసిస్టర్ ఒకటి ఉంటే, ట్యూబులో మెరుపు కొట్టినప్పుడు ఆ 60 జౌళ్లలో ఎక్కువ భాగాన్ని అదే మింగి మీటరును, జీనర్‌ను కాపాడుతుంది.

దశాబ్దాలు నిలవ ఉన్న ట్యూబును సూటిగా వాడవచ్చా?

వాడకూడదు. ముందు సిరామిక్‌లో పగుళ్లు చూడండి. ఓమ్‌మీటరుతో హీటరు చూస్తే చాలా తక్కువ రెసిస్టెన్స్ కనిపించి షార్ట్ అనిపించవచ్చు. వేడెక్కాక అది సుమారు 6.5 ఓమ్‌లకు పెరుగుతుంది, కంగారు పడనక్కర్లేదు. తర్వాత బ్లోయర్ వేసి, హై వోల్టేజి లేకుండా హీటరు మాత్రమే కొన్ని గంటలు, వీలైతే ఒక రాత్రంతా వెలిగించి ఉంచండి. ఇన్నేళ్లలో లోపల చేరిన వాయువు కొంత అలా పీల్చుకుపోతుంది. మొదటిసారి హై వోల్టేజిని వేరియాక్‌తో (వోల్టేజిని తిప్పి మార్చుకునే ట్రాన్స్‌ఫార్మర్‌తో) మెల్లగా పెంచండి. డ్రైవ్ లేకుండా నిశ్చల కరెంటు నిలకడగా ఉందా, దానంతటదే పెరుగుతోందా అని పది నిమిషాలు గమనించండి.

డ్రైవ్ ఎంత ఇవ్వాలి?

572బీలకు 100 వాట్ల దాకా ఇచ్చి అలవాటైనవారు ఇక్కడ చేయి వెనక్కి తీసుకోవాలి. జీఐ-7బీ గెయిన్ ఎక్కువ, 50, 60 వాట్లకే పూర్తి అవుట్‌పుట్ వస్తుంది. గ్రిడ్ తట్టుకునేది 7 వాట్లు మాత్రమే, కాబట్టి యానోడ్ ఎంత బలమైనదైనా గ్రిడ్ దగ్గర ఈ ట్యూబు సున్నితమైనదే. గ్రిడ్ కరెంటు హద్దు దాటగానే రిలేను పడేసే ట్రిప్ సర్క్యూట్‌కు అయ్యే ఖర్చు చాలా తక్కువ, తప్పకుండా పెట్టండి.

ఎస్‌బీ-220కి కూడా ఇదే మార్పు చేయవచ్చా?

ఇదే మార్పు పనికిరాదు. ఎస్‌బీ-220లో 3-500జెడ్ ట్యూబులు రెండు ఉంటాయి, స్విచ్ ఎస్‌ఎస్‌బీ స్థానంలో ఉన్నప్పుడు లోడు లేని వోల్టేజి 3000 వరకు ఉంటుంది. జీఐ-7బీకి 2500 హద్దు. అక్కడ దాని పెద్ద బంధువు జీఎస్-35బీ గురించి ఆలోచించాలి, కానీ దాని పరిమాణం, గాలి అవసరం వేరు.

జీయూ-50, జీయూ-74బీ లాంటివి?

జీయూ-50 చాలా చవకైన పెంటోడ్ (అయిదు ఎలక్ట్రోడ్ల ట్యూబు). కానీ దాని ప్లేటు తట్టుకునేది 40 వాట్లు, నిర్దేశిత వోల్టేజి 1000. 2400 వోల్టుల పెట్టెలో దానికి చోటు లేదు. జీయూ-74బీ 600 వాట్లు తట్టుకునే మంచి టెట్రోడ్ (నాలుగు ఎలక్ట్రోడ్ల ట్యూబు). అయితే దానికి స్థిరమైన స్క్రీన్ (రెండో గ్రిడ్) సప్లై కట్టాలి, యానోడ్ వోల్టేజి పరిమితి 2000. అంత పని చేసేటప్పుడు పాత పెట్టెను మార్చడం కన్నా కొత్తది కట్టుకోవడమే తేలిక.

భారతదేశంలో వాడేటప్పుడు ప్రత్యేకంగా చూడవలసినవి ఏమిటి?

మొదటిది లైసెన్సు. అమెరికాలో పరిమితి 1500 వాట్ల అవుట్‌పుట్. మన దేశంలో జనరల్ గ్రేడ్ లైసెన్సుకు హెచ్‌ఎఫ్‌లో (షార్ట్‌వేవ్ బ్యాండ్లలో) 400 వాట్లే, రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు అంతకన్నా చాలా తక్కువ. కాబట్టి ఈ పెట్టెను ఇక్కడ పూర్తి శక్తితో నడపకూడదు, డ్రైవ్ తగ్గించి పరిమితిలోనే ఉంచాలి. అలా నడిపితే ట్రాన్స్‌ఫార్మర్, ట్యూబులు రెండూ చాలాకాలం మన్నుతాయి.

రెండవది మెయిన్స్ వోల్టేజి. ఎస్‌బీ-200 ప్రైమరీని 120కి గానీ 240కి గానీ కట్టుకోవచ్చు, ఇక్కడ 240 అమరికే వాడాలి. రాత్రివేళ కొన్ని ఊళ్లలో లైను 250 వోల్టులకు చేరుతుంది. అప్పుడు లోడు లేని 2400 కాస్తా 2500 అవుతుంది, అంటే సరిగ్గా ట్యూబు హద్దు మీద నిలబడుతుంది. అలాంటి చోట స్టెబిలైజర్ గానీ, వోల్టేజిని 15, 20 వోల్టులు తగ్గించే బక్ ట్రాన్స్‌ఫార్మర్ గానీ పెట్టుకోండి.

తర్వాత మళ్లీ 572బీలకు మార్చుకోవచ్చా?

పని మొదలయ్యే ముందే ఆలోచిస్తే మార్చుకోవచ్చు. పాత సాకెట్ల రంధ్రాలను పెద్దవి చేయకుండా, కొత్త గ్రిడ్ పలకను సాకెట్లున్న చోట పాత స్క్రూ రంధ్రాలకే బిగించేలా తయారు చేయండి. తీసిన సాకెట్లు, గ్రిడ్ కెపాసిటర్లు, బయాస్ భాగాలను పేర్లు రాసి ఒక డబ్బాలో భద్రపరచండి. విప్పే ముందు ప్రతి తీగను ఫోటో తీసుకోండి. మార్చిన సర్క్యూట్‌ను కాగితం మీద పూర్తిగా గీసి పెట్టె మూత లోపల అంటించండి, ఎందుకంటే పాత మాన్యువల్ ఇకమీదట ఈ పెట్టెకు వర్తించదు, రేపు దాన్ని తెరిచే మనిషి గ్రిడ్ల మీద మైనస్ 120 వోల్టుల కోసం వెతుకుతాడు.